ఓడిన రాజ్యం కట్టుకున్న ఇల్లు

తిరుపతిలో చిత్తూరు వైపు బస్సెక్కితే అరగంట లోపే చంద్రగిరిలో దిగుతారు. ఊరు చిన్నదే. టీ కొట్లు, పూల గంపలు, మందుల షాపులు, స్కూలుకు పోతున్న పిల్లలు. ఆ సందడి దాటి కోట వైపు నడవండి. కొద్దిసేపట్లోనే ఇళ్ళు పలచబడి, పెద్ద పెద్ద బండలు పేర్చిన కోటగోడ ఎదురవుతుంది. ద్వారం దాటాక గాలిలోనే తేడా తెలుస్తుంది. వెనకాల సుమారు 180 మీటర్ల ఎత్తున నల్లటి గ్రానైట్ కొండ. దాని పాదాల దగ్గర పచ్చిక. ఆ పచ్చిక చివర మూడంతస్తుల రాజమహల్, దానికి కొంచెం దూరంలో రెండంతస్తుల రాణిమహల్.

తొందరపడి లోపలికి పోకండి. ముందు ఎదురుగా నిలబడి చూడండి. కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ముఖమంతా కమానులే. వాటి కొనలు మొనదేలి ఉన్నాయి. అలాంటి కమానులు గోల్కొండలో చూసి ఉంటారు, బీజాపూరులో చూసి ఉంటారు. ఇప్పుడు తల ఎత్తండి. మిద్దె మీద గుడి విమానాల్లా మెట్లు మెట్లుగా పైకి సన్నబడిపోయే శిఖరాలు. నడుమ పెద్దది, మూలల్లో చిన్నవి. కింద సుల్తానుల కమాను, నెత్తిన తిరుపతి గోపురం పోలిక. రెండూ ఒకే చేతి పనిలా అతికిపోయాయి. సుల్తానులతో తరాల తరబడి యుద్ధాలు చేసిన రాజ్యం, వాళ్ళ మేస్త్రీల దగ్గరున్న మంచి పనితనాన్ని మాత్రం శత్రువు సొత్తని తోసెయ్యలేదు.

ఈ ఇల్లు కట్టిన కాలం తెలిస్తే ఆ ముఖం ఇంకో రకంగా కనిపిస్తుంది. ఇది 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం మొదటి రోజుల నాటి కట్టడం. అప్పటికి విజయనగర సామ్రాజ్యం మన పాఠ్యపుస్తకాల ప్రకారం అయిపోయింది. 1565 జనవరిలో రాక్షసతంగడి యుద్ధం, అళియ రామరాయల మరణం, హంపీ విధ్వంసం. అక్కడితో పాఠం ముగుస్తుంది, కింద ప్రశ్నలు మొదలవుతాయి. ఆ పాఠం అయిపోయాక కట్టిన ఇల్లు ఇది. రాజధానిని పోగొట్టుకున్న వాళ్ళు, పెనుకొండకు తరలిపోయిన వాళ్ళు, అక్కడికీ గోల్కొండ సేనలు తరుముకొస్తే ఇంకా దక్షిణానికి దిగిన వాళ్ళు కట్టుకున్న ఇల్లు. భయపడి దాక్కున్న వాళ్ళ ఇల్లు ఇలా ఉండదని చూడగానే అనిపిస్తుంది. ఆ మాట గుర్తుంచుకుని లోపలికి రండి.

చెప్పులకు అంటిన దుమ్ము దులుపుకుని మొదటి కమాను దాటగానే ఎండ బయటే ఆగిపోతుంది. చల్లగా ఉంది. గోడ లావు చూడండి. చెయ్యి చాచి కొలవబోతే రెండు చేతులూ చాలవు. ఇప్పుడిది కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం. చుట్టుపక్కల సీమలో దొరికిన రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు ఇక్కడే ఉన్నాయి. విగ్రహాలను తరవాత చూద్దాం. ముందు పైకప్పు చూడండి.

నాతో వచ్చిన మేస్త్రీ పాత గుళ్ళకు సున్నప్పని చేసే మనిషి. ఆయన విగ్రహాల వైపు చూడనైనా చూడలేదు. మెడ వెనక్కి వాల్చి కప్పు వైపే చూస్తూ గదంతా తిరిగాడు.

"దూలం యాడా లేదు సార్. వాసం లేదు, పలక లేదు. కట్టెముక్క లేకుండా మూడంతస్తులు లేపినారు" అన్నాడు.

అది నిజం. రాజమహల్ మొత్తం రాయి, ఇటుక, సున్నం. కొయ్య వాడలేదు. మనం పెరిగిన పాత మిద్దెల్లో గోడ మీద దూలం, దూలం మీద వాసాలు, వాటి మీద పెంకో మట్టో ఉంటాయి. బరువంతా కట్టె మోస్తుంది. ఇక్కడ బరువు మోసేది కమాను. మేస్త్రీ తన రెండు అరచేతులనూ వేళ్ళ కొసల దగ్గర ఆనించి, కమానులా వంచి చూపించాడు. "ఈ ఇటుక పడిపోవాలని చూస్తుంది. పక్కది పోనీదు. దాన్ని దాని పక్కది పోనీదు. అన్నీ పడబోయి, ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి సార్. ఆ తోపుడంతా గోడలోకి దిగుతుంది. అందుకే గోడ ఇంత లావు." కట్టేటప్పుడు మాత్రం కింద కొయ్యతో చట్రం కట్టి, దాని మీద ఇటుకలు పేర్చుకుంటూ పోయి, నడినెత్తిన చివరి ఇటుక బిగించి, సున్నం గట్టిపడ్డాక చట్రం విప్పేస్తారు. చట్రం విప్పే రోజు మేస్త్రీకి పరీక్ష రోజు. ఆ పరీక్ష ఈ ఇంట్లో ఎన్ని కమానులుంటే అన్నిసార్లు జరిగింది. అన్నిసార్లూ నెగ్గారు.

సున్నం సంగతీ ఆయనే చెప్పాడు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లి విరిచి, చాలా రోజులు తొట్టిలో నానబెడతారు. తరవాత గానుగలో వేస్తారు. గుండ్రటి రాతి గాడిలో సున్నం, ఇసుక పోస్తే, ఎద్దులు తిప్పే రాతిచక్రం దాన్ని వెన్నలా నూరుతుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలుపుతారు. పై పూతకి మరింత మెత్తగా నూరి, నునుపురాయితో గంటల తరబడి రుద్దుతారు. ఇదంతా మన మేస్త్రీలు తాతల నాటి నుంచి చేస్తూ వచ్చిన పని. ఇలా పూసిన గచ్చు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి మళ్ళీ రాయిగా మారుతుంది. సిమెంటుకు వయసు పెరిగే కొద్దీ బలం తగ్గుతుందని మనం భయపడతాం. సున్నానికి ఆ భయం లేదు, చెమ్మ లోపలికి దిగకుండా చూసుకుంటే చాలు.

ఎక్కడైనా పూత పెచ్చు ఊడిన చోట కాసేపు ఆగండి. కింద ఇటుక కనిపిస్తుంది. ఇటుకకూ ఇటుకకూ మధ్య సున్నం పట్టీ ఉంటుంది. మేస్త్రీ ఆ పట్టీ మీద గోరు పెట్టలేదు, అక్కడ దేన్నీ తాకకూడదని ఆయనకు తెలుసు. ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. "నూరినోడు దొంగపని చెయ్యలేదు" అన్నాడు. నాలుగు శతాబ్దాల కిందటి కూలీకి ఒక పనివాడు ఇచ్చిన మెచ్చుకోలు అది. ఆ కూలీ పేరు ఏ శాసనంలోనూ లేదు.

హంపీ వెళ్ళొచ్చిన వాళ్ళకు ఇక్కడ ఒక విషయం ఠక్కున వెలుగుతుంది. అక్కడ రాజమందిరాల ఆవరణలో మిగిలినవి రాతి అధిష్ఠానాలే. వాటి మీద ఉండాల్సిన అంతస్తులు కొయ్యవి కాబట్టి 1565 తరవాత కాలి బూడిదయ్యాయి. నిలిచింది ఏమిటి? కమలమహల్, ఏనుగుల శాల. రెండూ కొయ్య లేకుండా కమానులతో, సున్నంతో కట్టినవి. హంపీలో ఏది మిగిలిందో ఆ పద్ధతిలోనే చంద్రగిరిలో రాజు ఇల్లు మొత్తం లేచింది. రాజ్యంలో చాలా పోయింది. కట్టడం చేతనైన వాళ్ళు మాత్రం పోలేదు.

ఈ కొండకు రాజుల కథ అప్పుడే మొదలవలేదు. కోటను సుమారు 1000వ సంవత్సరంలో ఇమ్మడి నరసింగ యాదవరాయలు వేయించాడని ఇక్కడి వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. 1485లో హంపీ సింహాసనమెక్కిన సాళువ నరసింహరాయలు అంతకు ముందు చంద్రగిరిని ఏలిన వాడే. శ్రీకృష్ణదేవరాయలు రాజయ్యాక సింహాసనానికి పోటీ రాగల తమ్ముళ్ళను ఈ కోటలోనే ఉంచాడని ఆ కాలపు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. 1529లో అలా ఈ కోటలో ఉన్న అచ్యుతదేవరాయలకే రాజ్యం దక్కింది. హంపీకి పోకముందే ఆయన తిరుమలలో, కాళహస్తిలో పట్టాభిషేకం చేయించుకున్నాడు. అంటే ఇది ఒకరికి కంచుకోట, ఇంకొకరికి చెర, మరొకరికి సింహాసనానికి మెట్టు. కష్టకాలం రాకముందే ఆ రాజ్యానికి ఈ కొండ రాళ్ళతో చుట్టరికం ఉంది.

ఇక మెట్లెక్కండి. గోడల లావులోనే తొలిచినట్టున్న ఇరుకు దారి. చేత్తో గోడ పట్టుకుని ఎక్కాలి. మీ ముందు ఒక అవ్వ మనవడి భుజం పట్టుకుని ఎక్కుతోంది. "రాజు ఈడనే ఎక్కినాడా అవ్వా?" అని వాడు అడుగుతున్నాడు. "ఎక్కినాడు నాయనా, నువ్వు జాగ్రత్తగా ఎక్కు" అని ఆవిడ జవాబు.

పైకి వచ్చేసరికి ఒక్కసారిగా చోటు విప్పారుతుంది. ఇది దర్బారు హాలు. నడుమ భాగం రెండంతస్తుల ఎత్తు లేచింది. చుట్టూ పై అంతస్తు వసారా, అందులోంచి కిందకి చూసే కమానులు. ఎవరో చిన్నగా దగ్గితే ఆ శబ్దం పైదాకా పోయి తిరిగొస్తోంది. ఇక్కడ మెల్లగా మాట్లాడితే చాలు, అందరికీ వినిపిస్తుంది.

1592 ప్రాంతంలో వెంకటపతి దేవరాయలు రాజధానిని చంద్రగిరికి తెచ్చాడు. రామరాయల ఆరవీటి వంశంలో అందరికంటే సమర్థుడు. 1586 నుంచి 1614 దాకా ఏలాడు. ఆయన కాలంలో ఈ కోట ఎలా ఉండేదో ఊహించుకోండి. బయట పల్లకీలు దిగుతున్నాయి. పాలెగాళ్ళ మనుషులు కప్పం లెక్కలతో కాచుకుని ఉన్నారు. మధుర, తంజావూరు, జింజి నాయకుల దగ్గరి నుంచి వచ్చిన రాయబారులు నమ్మకం లేని చూపులు ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారు. ఆ ముగ్గురూ రాయలకు కప్పం కట్టాల్సిన వాళ్ళే, వీలు చిక్కితే ఎగ్గొట్టే వాళ్ళే. లేఖకులు కింద కూర్చుని తాటాకు మీద గంటం కదుపుతున్నారు. ఒక దానపత్రం పూర్తయింది. చివర రాజు వ్రాలు పెట్టాలి. హంపీ రాజులు తరతరాలుగా శ్రీ విరూపాక్ష అని పెట్టారు. ఈ రాజు శ్రీ వేంకటేశ అని పెట్టాడు.

ఆ ఒక్క వ్రాలులో ఎంత దూరం ప్రయాణం ఉందో చూడండి. తుంగభద్ర ఒడ్డున విరూపాక్షుడి నీడలో పుట్టిన రాజ్యం, స్వర్ణముఖి ఒడ్డుకు వచ్చి ఏడుకొండలవాడి ఆసరా చూసుకుంది. వెంకటపతి బంగారు వరహాల మీదా వేంకటేశ్వరుడు నిలబడి ఉంటాడు. వెనక వైపు స్వామికి నమస్కారం. రాజు బొమ్మ, రాజు పేరు పక్కకు తప్పుకుని దేవుడికి చోటిచ్చాయి. తిరుమల ఆలయంలో మహాద్వారం దాటగానే ఉన్న మండపంలో కృష్ణదేవరాయలు, ఇద్దరు రాణులు చేతులు జోడించి నిలుచున్న విగ్రహాలను మీరు చూసే ఉంటారు. అదే మండపంలో వెంకటపతి రాయలూ ఉన్నాడు. క్యూలో తోసుకుపోతూ ఆయన్ని గుర్తుపట్టే వాళ్ళు తక్కువ.

1598లో మైలాపూరు నుంచి జెసూట్ పాదరీలు ఈ కోటకు వచ్చారు. వెంకటపతి వాళ్ళను ఆదరించాడు, ఉండనిచ్చాడు. వాళ్ళలో తెలుగు నేర్చుకున్న వాళ్ళున్నారు, ఎందుకంటే ఈ దర్బారులో పని జరిగేది తెలుగులో. పాదరీలతో వచ్చిన చిత్రకారుల పనిని రాజు శ్రద్ధగా చూసేవాడు. వాళ్ళు ఐరోపాకు రాసుకున్న ఉత్తరాలే ఇవాళ మనకు ఆ కాలపు దినచర్య. ఫాదర్ హెన్రీ హేరాస్ అనే చరిత్రకారుడు బొంబాయిలో కూర్చుని ఆ ఉత్తరాలను, శాసనాలను, మన కావ్యాలను పక్కపక్కన పెట్టి చదివి 1927లో ఆరవీటి వంశం మీద పెద్ద పుస్తకం వేశాడు. అదే లేకపోతే ఈ గదిలో మనకు వినిపించే మాటల్లో సగం వినిపించేవి కావు.

పాదరీల వెనకే వర్తకులు వచ్చారు. డచ్చి వాళ్ళకు 1610లో పులికాట్‌లో వ్యాపారం చేసుకోవడానికి వెంకటపతి అనుమతి ఇచ్చాడు. పోర్చుగీసు వాళ్ళు మైలాపూరులో ఉన్నారు. సముద్రపు ఒడ్డున ఇద్దరు తెల్లవాళ్ళు ఒకరినొకరు కాచుకుని ఉంటే మనకు మంచిదన్న లెక్క అది. గుర్రాలు కావాలి, సుంకం కావాలి, యుద్ధాలకు డబ్బు కావాలి. ఆ రోజుకు అది తెలివైన లెక్కే.

ఇప్పుడు అదే హాల్లో మరో ముప్పై ఏళ్ళ దాకా ముందుకు నడవండి. 1639. గద్దె మీద మూడో వెంకటపతి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి మచిలీపట్నంలో కొట్టు ఉంది, నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో చిన్న స్థావరం ఉంది. రెండు చోట్లా ఇబ్బందులే. కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి ఓడెక్కి, కలంకారీ, ముతక బట్ట చవగ్గా దొరికే చోటు వెతుకుతున్నాడు. మైలాపూరుకు ఉత్తరాన ఒక ఇసుక పర్ర అతని కంట పడింది. ఓడలకు సరైన రేవు కూడా లేని చోటు. ఆ తీరం దామెర్ల వెంకటాద్రి నాయకుడి ఏలుబడిలో ఉంది, ఆయన రాయల సామంతుడు. 1639 ఆగస్టులో నాయకుడు అనుమతిపత్రం ఇచ్చాడు. కోట కట్టుకోవచ్చు, నాణేలు కొట్టుకోవచ్చు, రేవు సుంకంలో సగం ఉంచుకోవచ్చు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరు మీద అక్కడ లేచిన ఊరు చెన్నపట్నం అయింది. మరుసటి ఏడే కోట పని మొదలైంది. 1645లో మూడో శ్రీరంగరాయలు కూడా కంపెనీకి ఆ హక్కులు ఖాయం చేశాడు.

చంద్రగిరిలో ఎవరిని అడిగినా ఆ పత్రం మీద సంతకం పడింది ఈ మహల్లోనే అంటారు. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ళ గొంతులో గర్వం ఉంటుంది, కొంచెం బాధా ఉంటుంది. రెండూ న్యాయమైనవే. ఈ హాల్లో నిలబడి ఆ రోజును తలుచుకోండి. దర్బారులో ఉన్న వాళ్ళెవరికీ అది పెద్ద విషయంగా అనిపించి ఉండదు. అటు నాయకులు తిరగబడుతున్నారు, ఉత్తరం నుంచి గోల్కొండ, పడమటి నుంచి బీజాపూరు దిగుతున్నాయి. ఆ గొడవల నడుమ సముద్రపు ఒడ్డున నాలుగు ఇసుక దిబ్బలు అడిగిన వర్తకుడిని ఎవరు పట్టించుకుంటారు? ఆ ఇసుక మీదే తెల్లవాళ్ళ రాజ్యం మొలిచింది. మూడు వందల ఏళ్ళ తరవాత అదే పట్నం ఎవరిదని తెలుగువాళ్ళు, తమిళులు పోట్లాడుకున్నారు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణం వదిలింది ఆ చెన్నపట్నంలోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, చెన్నపట్నం రాలేదు. ఒక చిన్న ఊరి పాత ఇంటికీ మన కాలపు రాజకీయానికీ మధ్య ఇంత సూటి దారి ఇంకెక్కడా కనిపించదు.

ఇంకో అంతస్తు ఎక్కితే వెలుతురు పెరుగుతుంది. కమానులోంచి బయటకు చూడండి. ఒక పక్క కొండ, దాని మీద పాకినట్టున్న కోటగోడలు. కింద పాడుబడిన గుళ్ళు, కోనేరు, రాణిమహల్ శిఖరాలు. ఇంకో పక్క దూరంగా నీలంగా శేషాచలం కొండల వరస. ఆ కొండల మీదే స్వామి ఉన్నాడు. ఇక్కడి నుంచి శ్రీనివాసమంగాపురం దగ్గరే, అక్కడి నుంచి శ్రీవారి మెట్టు దారి కొండెక్కుతుంది. రాయలు ఆ దారినే ఎక్కేవారని చెబుతారు.

ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పే కథ ఒకటుంది. తిరుమలలో స్వామికి నైవేద్యం పెట్టగానే గంట మోగేదట. ఆ మోత విని కొండ మీది తరవాతి మండపంలో గంట కొట్టేవారట. అలా ఒక గంట ఇంకో గంటను లేపుకుంటూ చంద్రగిరి దాకా వచ్చేదట. ఆ మోత చెవిన పడ్డాకే రాయలు విస్తట్లో చెయ్యి పెట్టేవాడట. కథ ఎంతవరకు నిజమైనా, ఇక్కడ నిలబడి ఆ కొండల వైపు చూస్తే కథ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. కంటికి ఆనేంత దగ్గర, కాలికి చాలా దూరం. ఆ దూరాన్ని గంటతోనే దాటాలి.

ఇంత ఎత్తు నుంచి చూస్తే ముంచుకొచ్చిన కష్టాలూ కనిపిస్తాయి. వెంకటపతి ఆ మధ్యలో రాజధానిని వేలూరుకు మార్చాడు. 1614లో ఆయన కన్నుమూశాక వేలూరు కోటలో ఘోరం జరిగింది. గద్దె కోసం గొబ్బూరి జగ్గరాజు, కొత్త రాజు రెండో శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చెరలో పెట్టి అంతం చేయించాడు. ఒక్క పిల్లవాడు మిగిలాడు. అతన్ని ఒక చాకలి బట్టల మూటలో దాచి బయటకు తెచ్చాడు. చంద్రగిరి సీమ అంతా ఆ వార్తకు వణికిపోయి ఉంటుంది. వెలుగోటి యాచమ నాయకుడు ఆ పిల్లవాడి పక్షం నిలిచి యుద్ధం చేసి, తోపూరు దగ్గర గెలిచి, రామదేవరాయలుగా గద్దె ఎక్కించాడు. ఒక చాకలి ధైర్యం, ఒక నాయకుడి విశ్వాసం కలిసి కూలిపోబోయిన వంశాన్ని ఇంకో తరం నిలబెట్టాయి. ఆ చాకలి పేరు పుస్తకాల్లో లేదు. కింది అంతస్తులో సున్నం నూరిన వాడి పేరూ లేదు. ఈ ఇంటి చరిత్రను నిలబెట్టిన వాళ్ళలో ఎక్కువమంది ఇలాంటి వాళ్ళే.

1646లో గోల్కొండ సేనలు చంద్రగిరిని గెలుచుకున్నాయి. చివరి రాయలు మూడో శ్రీరంగడు చోటు నుంచి చోటుకు తిరుగుతూ రాజ్యాన్ని తిరిగి తెచ్చుకోవాలని చూశాడు, సాగలేదు. ఇల్లు మాత్రం చేతులు మారుతూ నిలిచింది. గోల్కొండ తరవాత ఆర్కాటు నవాబుల వంతు. 1758లో నవాబు తమ్ముడు అబ్దుల్ వహాబ్ ఖాన్ ఈ కోటలో ఉన్నాడు. చంద్రగిరి చేతిలో ఉన్నవాడికి తిరుపతి గుడి కాపుదల కూడా దక్కేది, దాంతో పాటే గుడి రాబడి మీద కన్ను కూడా. 1782లో హైదరాలీ కోటను లొంగదీసుకున్నాడు. 1792 శ్రీరంగపట్నం సంధి దాకా ఇది మైసూరు కిందే ఉంది. ఆ తరవాత కంపెనీ వాళ్ళకు వచ్చింది. ఒకప్పుడు పత్రం కోసం కాచుకున్న వర్తకులే ఇంటి యజమానులయ్యారు.

కిందికి దిగి రాణిమహల్ వైపు నడవండి. ఇది చిన్నది, నిరాడంబరమైనది. కమానుల మధ్య గాలి ధారాళంగా ఆడుతుంది. మేస్త్రీ ఒక స్తంభం నీడలో కూర్చుని బీడీ తీసి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఇట్లాంటి కమాను ఇప్పుడు కట్టమంటే కట్టగలరా మేస్త్రీ గారూ?" అని అడిగాను. ఆయన వెంటనే జవాబివ్వలేదు. "నేను కట్టగలను సార్. నా కొడుకు సెంట్రింగు కొడతాడు, కాంక్రీటు పోస్తాడు. వాడికి రాదు. అడిగేవాళ్ళు లేనప్పుడు వాడెందుకు నేర్చుకుంటాడు?" అన్నాడు.

ఈ ప్రశ్న చాలాకాలంగా ఉన్నదే. 1883లో రాబర్ట్ చిషోమ్ అనే ఆర్కిటెక్టు ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో చంద్రగిరి పాత మహల్ గురించి వ్యాసం రాశాడు. మద్రాసులో మెరీనా ఎదురుగా సెనేట్ హౌస్ కట్టిన మనిషి. దేశమంతా ఇనుప దూలాలు, విలాయతి పద్ధతులు అంటున్న రోజుల్లో ఆయన ఈ చిన్న ఊరి ఇంటిని నేర్చుకోదగ్గ కట్టడంగా లోకానికి చూపించాడు. ఒక పరాయి దేశపు నిపుణుడు ఇందులో పాఠం చూశాడు. మనం ఫొటో దిగి, తిరుపతి బస్సెక్కుతున్నాం.

పురావస్తు శాఖ ఈ కట్టడాన్ని శుభ్రంగా ఉంచింది, మ్యూజియం పెట్టింది, తోట పెంచింది. అందుకు కృతజ్ఞత చెప్పాలి. అది చాలదు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా బతికి ఉన్నారు. ఈ కోట ఆవరణలోనే వాళ్ళ చేత ఏటా కొన్ని రోజులు కుర్రాళ్ళకు గానుగ తిప్పడం, కమాను కట్టడం నేర్పించవచ్చు. రాష్ట్రంలో మరమ్మతు కోసం ఎదురుచూస్తున్న గుళ్ళు, కోటలు, పాత కచేరీలు వందల కొద్దీ ఉన్నాయి. సిమెంటు పూసి చెడగొట్టే బదులు సున్నంతో బాగు చేసే చేతులు వాటికి కావాలి. ఆ చేతులకు కూలి గిట్టుబాటయ్యేలా చూడటం ప్రభుత్వానికి పెద్ద భారం కాదు. తిరుపతి వచ్చే యాత్రికులు రోజుకు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో కొందరు ఒక్క పూట చంద్రగిరికి ఇస్తే ఊరికీ నాలుగు డబ్బులు, చదువుకునే పిల్లలకు ఒక కొత్త లోకం.

ముఖ్యంగా పిల్లల సంగతి. రాక్షసతంగడి దగ్గర పాఠం ఆపేస్తే వాళ్ళకు తెలిసేది ఓటమి ఒక్కటే. ఆ తరవాత ఎనభై ఏళ్ళ పాటు రాయలు రాజ్యం చేశారని, తెలుగులో దర్బారు నడిపారని, గెలిచిన వాళ్ళ కమానును, తమ గుడి శిఖరాన్ని కలిపి ఒక ఇల్లు కట్టారని ఎవరూ చెప్పరు. ఓడిపోయాక మనుషులు ఏం చేస్తారన్నది గెలిచినప్పుడు ఏం చేశారన్న దానికంటే పెద్ద పాఠం. 1565కు తరవాతి పేజీ ఒకటి పుస్తకంలో రాయండి. ఆ పేజీ చెప్పే రోజున పిల్లల్ని బస్సెక్కించి చంద్రగిరికి తీసుకురండి, పక్కన ఒక సున్నప్పని మేస్త్రీని కూడా నిలబెట్టండి.